గర్భంతో బడికి వెళ్లే టీచరు తన మనసును ఎలా కాపాడుకోవాలి

నెల తప్పిన రోజు నుంచి ప్రసూతి సెలవు మొదలయ్యే దాకా రోజూ బడికి వెళ్లే టీచర్ల కోసం ఇది రాస్తున్నాను. మీరు జిల్లా పరిషత్ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంటు కావచ్చు, ఏకోపాధ్యాయ పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్జీటీ) కావచ్చు, కస్తూర్బా విద్యాలయంలో పగలు పాఠం చెప్పి రాత్రి డ్యూటీ కూడా చేసే కాంట్రాక్టు టీచరు కావచ్చు, ప్రైవేటు బడిలో రోజుకు ఏడు పీరియడ్లు నిలబడే టీచరు కావచ్చు. నేను 28 ఏళ్లు ప్రభుత్వ హైస్కూళ్లలో తెలుగు చెప్పాను, అందులో ఆఖరి 9 ఏళ్లు ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేశాను. రెండో కాన్పుకు ముందు నాలుగు నెలల పాటు నన్ను వదలని దిగులుకు ఒక పేరుందనీ, దానికి వైద్యం ఉందనీ నాకు చాలా ఏళ్ల తర్వాత గాని తెలియలేదు. ఆ నాలుగు నెలలూ తప్పకుండా ఆసుపత్రికి వెళ్లాను. బీపీ చూశారు, బరువు చూశారు, రక్తం పరీక్ష చేశారు. మనసెలా ఉందని వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. అందుకే మీకు మొదటే చెబుతున్నాను, మనసు సంగతిని బీపీ సంగతిలాగే చూసుకోవాలి. క్రమం తప్పకుండా గమనించాలి, కాగితం మీద రాయాలి, తేడా కనిపిస్తే ఆలస్యం చేయకుండా చెప్పాలి.

మొదటి పని: వారానికొకసారి మిమ్మల్ని మీరు గమనించుకోవడం

ఆదివారం సాయంత్రం ఒక నోటుపుస్తకం తీసుకుని రెండు ప్రశ్నలకు జవాబు రాయండి. గడిచిన రెండు వారాల్లో ఎక్కువ రోజులు మనసు దిగులుగా, ఆశ లేనట్టుగా ఉందా? ఇదివరకు ఇష్టంగా చేసిన పనుల మీద ఆసక్తి పోయిందా? వైద్యులు డిప్రెషన్‌ను మొదట పసిగట్టడానికి అడిగే ప్రశ్నలు ఇవే. రెండింటిలో ఏ ఒక్కదానికి "అవును" అని రాయవలసి వచ్చినా అది డాక్టరుకు చెప్పవలసిన విషయమే. మరి కొంచెం వివరంగా చూడాలంటే, ఎడిన్‌బరో స్కేలు అనే పది ప్రశ్నల పత్రం ఉంది. 1987లో బాలింతల కోసం తయారైన ఆ పత్రాన్ని ఇప్పుడు గర్భిణులకూ వాడుతున్నారు. గడిచిన 7 రోజుల్లో మనసు ఎలా ఉందో అది అడుగుతుంది, మొత్తం మార్కులు 30. మీరు చూపించుకునే డాక్టరును ఆ ప్రశ్నలు అడగమని మీరే కోరవచ్చు.

గర్భంలో దిగులును గుర్తుపట్టడం కష్టం కావడానికి ఒక కారణం ఉంది. నిద్ర పట్టకపోవడం, అలసట, అన్నం సయించకపోవడం వంటివి డిప్రెషన్ లక్షణాలే, కానీ అవి వేవిళ్లలోనూ, నెలలు నిండుతున్నప్పుడూ మామూలుగానే ఉంటాయి. కాబట్టి వాటి మీద కంటే మనసుకు సంబంధించిన వాటి మీద దృష్టి పెట్టండి. కారణం లేకుండా తప్పు చేసినట్టు అనిపించడం, పుట్టబోయే బిడ్డ గురించి ఏ భావమూ కలగకపోవడం, ఏదో కీడు జరుగుతుందన్న భయం రోజంతా వెంటాడటం, బిడ్డకు ఏమైందోనని గంటగంటకూ ఫోనులో వెతకడం వంటివి రాసుకోండి. అయితే ఒక హెచ్చరిక. బిడ్డ కదలికలు నిజంగా తగ్గాయని అనిపిస్తే దాన్ని ఆందోళన అని కొట్టిపారేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

టీచర్లలో ఈ దిగులు కొన్ని ప్రత్యేకమైన రూపాల్లో బయటపడటం నేను చూశాను. పిల్లల మీద అరవడం, అరిచినందుకు ఆ రాత్రంతా కుమిలిపోవడం వాటిలో ఒకటి. దిద్దవలసిన నోటుపుస్తకాల కట్టను చూడగానే గుండె దడ రావడం ఇంకొకటి. గేటు ముందు బండి ఆపి లోపలికి వెళ్లలేక పది నిమిషాలు అక్కడే కూర్చుండిపోయేవారూ ఉన్నారు. ఒకసారి మా బడిలో ఏడో నెల నడుస్తున్న గణితం టీచరు ఐదో పీరియడ్ గంట కొట్టిన తర్వాత కూడా తరగతికి వెళ్లలేదు. వెతుక్కుంటూ వెళ్తే సైన్సు ల్యాబులో ఒక్కతే కూర్చుని ఉంది. బల్ల మీద హాజరు పట్టిక తెరిచి ఉంది, పెన్ను మూత తీసి ఉంది, మొదటి మూడు పేర్లకు మాత్రమే హాజరు వేసి ఉంది. "మేడమ్, పిల్లల పేర్లు పిలవడానికి నోరు రావడం లేదు" అంది. ఆ అమ్మాయి మండలంలోనే మంచి పేరున్న టీచరు. పొద్దున ప్రార్థన సమయంలో ఆమెను చూసిన వారెవరూ అనుమానించి ఉండరు. పిల్లల ముందు ముఖం ప్రసన్నంగా పెట్టుకోవడం మన వృత్తిలో భాగం కాబట్టి, మన బాధ ఇతరులకు కనిపించదు. కనిపించదు కాబట్టే మనమే చెప్పాలి.

ఇది మీ ఒక్కరి బలహీనత అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం వర్ధమాన దేశాల్లో గర్భిణుల్లో 15.6 శాతం మంది, ప్రసవించిన వారిలో 19.8 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యను, ముఖ్యంగా డిప్రెషన్‌ను, అనుభవిస్తున్నారు. అంటే ఆరుగురు గర్భిణుల్లో దాదాపు ఒకరన్నమాట.

ఇక్కడే అత్యవసరమైన మాట చెప్పి ముందుకు వెళ్తాను. చనిపోవాలని అనిపించినా, మీకు మీరు హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చినా, వచ్చే చెకప్ దాకా ఆగవద్దు, ఆ రాత్రి ఒంటరిగా ఉండవద్దు. పక్కనున్న మనిషికి ఆ మాటను ఉన్నదున్నట్టు చెప్పండి. 14416కు ఫోన్ చేయండి. ఇది 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ అనే కేంద్ర ప్రభుత్వ సేవ. 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర లేదు. ప్రమాదం దగ్గర్లో ఉందనిపిస్తే 108 లేదా 112కు ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లాలి.

రెండో పని: ఒంట్లో ఉన్న కారణాలను ముందు తేల్చుకోవడం

నీరసం, దిగులు, చిరాకు అన్నీ మనసు నుంచే రావాలని లేదు. థైరాయిడ్ హార్మోను తక్కువైతే అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటుంది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క, మెట్లెక్కి తరగతికి చేరేసరికి ఆయాసం, ఆ వెంటనే "నా వల్ల కావడం లేదు" అన్న నిరాశ దాని వల్లనే రావచ్చు. ఈ రెండు పరీక్షలూ చేయించారో లేదో మీ చీటీలో చూసుకోండి. రెండో త్రైమాసికం నుంచి రోజూ ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మలబద్ధకం వస్తుందని మానేసినవారు కొందరు నాకు తెలుసు. మానేయకుండా డాక్టరును అడిగితే వేళ మార్చడమో, మాత్ర మార్చడమో చేస్తారు.

బడికి సంబంధించి ఇంకొకటి చెప్పాలి. సరైన మరుగుదొడ్డి లేదని, ఉన్నా పిల్లలందరి ముందు నుంచి నడిచి వెళ్లాలని, చాలామంది టీచర్లు బడివేళల్లో మంచినీళ్లు తాగడమే మానేస్తారు. ఉదయం నింపుకున్న సీసా సాయంత్రం అలాగే ఇంటికి వస్తుంది. గర్భంలో మూత్రాశయానికి ఇన్ఫెక్షన్లు సోకే అవకాశం ఎలాగూ ఎక్కువ, నీళ్లు తాగకపోతే తలనొప్పి, చిరాకు, మంట, జ్వరం ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఒక మరుగుదొడ్డికి తాళం వేసి, ఆ తాళం చెవి స్టాఫ్ రూములో పెట్టించడం ప్రధానోపాధ్యాయులకు అయిదు నిమిషాల పని. సిగ్గుపడకుండా అడగండి. నేను హెచ్ఎంగా ఉన్నప్పుడు ఈ సంగతి ఒక గర్భిణి వచ్చి అడిగేదాకా నాకు తట్టలేదు, అందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

మూడో పని: డాక్టరుకు ఏమి చెప్పాలో ముందే రాసుకుని వెళ్లడం

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రతి నెల 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకు డాక్టరు పరీక్ష ఉంటుంది. ఆ రోజు రద్దీ ఎక్కువ. రెండు నిమిషాల్లో మాట పూర్తి చేయాలంటే వాక్యం సిద్ధంగా ఉండాలి. "కొంచెం టెన్షన్‌గా ఉంటోందండీ" అంటే "అందరికీ ఉండేదే" అన్న జవాబే వస్తుంది. దానికి బదులు ఇలా చెప్పండి: "డాక్టరు గారూ, మూడు వారాలుగా వారంలో అయిదు రోజులు ఏడుపు వస్తోంది. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టడం లేదు. పాఠం చెప్పలేకపోతున్నాను. దీన్ని మానసిక వైద్యులకు చూపించాలా?" ఎన్ని వారాలు, వారంలో ఎన్ని రోజులు, ఏ పని ఆగిపోయింది అన్న మూడూ ఉంటే ఏ డాక్టరైనా వింటారు. మీ ఆదివారం నోటుపుస్తకం ఇక్కడ పనికొస్తుంది.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో మానసిక వైద్య సేవలు అందుతాయి. హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి. ఎర్రగడ్డ అన్న పేరు వినగానే మన ఇళ్లలో భయపడతారు. ఎక్కువమంది గర్భిణులకు అంత దూరం వెళ్లవలసిన అవసరమే రాదు. తేలికపాటి దిగులుకు శిక్షణ ఉన్నవారితో క్రమంగా మాట్లాడటమే మొదటి వైద్యం. పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో డిప్రెషన్‌తో ఉన్న గర్భిణుల దగ్గరికి మామూలు మహిళా ఆరోగ్య కార్యకర్తలు శిక్షణ పొంది వెళ్లి మాట్లాడారు. ప్రసవమైన ఆరు నెలలకు ఆ తల్లుల్లో 23 శాతం మందికే డిప్రెషన్ మిగిలింది, ఆ మాటల సాయం లేని తల్లుల్లో 53 శాతం మందికి ఉంది. 2008లో ప్రచురితమైన ఈ పరిశోధన ఆధారంగా వచ్చిన పద్ధతినే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇతర దేశాలకూ అందించింది. మాట్లాడితే ఏమవుతుంది అనేవారికి నేను ఈ లెక్కే చెబుతాను.

మందుల విషయంలో ఒక జాగ్రత్త ఉంది. గర్భం రాకముందు నుంచే డిప్రెషన్‌కో, ఆందోళనకో మందులు వాడుతున్నవారు నెల తప్పగానే భయపడి వాటిని సొంతంగా ఆపేస్తుంటారు. అలా ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు, అది తల్లికీ బిడ్డకూ మంచిది కాదు. గర్భంలో వాడదగిన మందులు ఉన్నాయి, సోడియం వాల్‌ప్రొయేట్ వంటి కొన్ని మందులు బిడ్డకు హాని చేస్తాయి. ఏది ఆపాలి, ఏది మార్చాలి, ఏది కొనసాగించాలి అన్నది మీకు మందు రాసిన డాక్టరూ, ప్రసూతి వైద్యురాలూ కలిసి నిర్ణయించాలి. కాబట్టి గర్భం తెలిసిన వారంలోనే ఇద్దరికీ చెప్పండి.

నాలుగో పని: హెచ్ఎంకు రాతపూర్వకంగా అడగడం

దిగులు ఉందన్న సంగతి హెచ్ఎంకు చెప్పి తీరాలన్న నియమం ఏమీ లేదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మీ వైద్య వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కు మీకు ఇచ్చింది. మీరు బడికి చెప్పవలసిందల్లా గర్భం సంగతి, మీకు కావలసిన వెసులుబాటు. నా అనుభవంలో "మేడమ్, కొంచెం పని తగ్గించండి" అన్న వినతికి ఏ హెచ్ఎం దగ్గరా జవాబు ఉండదు, ఎందుకంటే ఏది తగ్గించాలో తెలియదు. ఫలానా పీరియడ్, ఫలానా గది, ఫలానా డ్యూటీ అని రాసి ఇస్తే ఆ మధ్యాహ్నానికే టైమ్‌టేబుల్ మారుతుంది. ఇలా రాయవచ్చు:

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి నమస్కరించి వ్రాయునది. నేను ప్రస్తుతం ఆరో నెల గర్భిణిని. వైద్యుల సలహా మేరకు ఈ క్రింది మార్పులు కోరుచున్నాను. పై అంతస్తులో ఉన్న 9వ తరగతి గణితం పీరియడ్లను క్రింది గదికి మార్చగలరు. వరుసగా రెండు పీరియడ్లకు మించి లేకుండా చూడగలరు. మధ్యాహ్న భోజన పర్యవేక్షణ, ఆటల పీరియడ్ పర్యవేక్షణ నుండి మినహాయింపు ఇవ్వగలరు. దీనికి బదులుగా ప్రశ్నపత్రాల తయారీ, మార్కుల నమోదు నేను చేయగలను. వైద్య ధ్రువపత్రం జతపరచితిని."

చివరి వాక్యానికి ముందు వాక్యాన్ని గమనించండి. కూర్చుని చేయగల పని ఒకటి మీరే ముందుకొచ్చి తీసుకుంటే తోటి టీచర్ల మీద భారం వేశానన్న బాధ మీకు తగ్గుతుంది, వాళ్లకూ మాట అనే అవకాశం ఉండదు. ఉత్తరానికి నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

మీ వినతి వెనుక చట్టం కూడా ఉంది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ అనే చట్టం ప్రకారం, ప్రసవానికి ముందున్న ఆరు వారాలకు మునుపటి నెల రోజుల్లో గర్భిణి కోరితే ఆమె చేత శ్రమతో కూడిన పని గాని, ఎక్కువసేపు నిలబడి చేసే పని గాని చేయించకూడదు. ఆ ఆరు వారాల్లో సెలవు పెట్టకుండా బడికి వస్తున్నా ఆ రక్షణ వర్తిస్తుంది. అంటే డాక్టరు ఇచ్చిన ప్రసవ తేదీకి సుమారు పది వారాల ముందు నుంచి అన్నమాట. ఈ రక్షణ అంతకుముందు 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టంలోనూ ఉండేది. అయితే "కోరితే" అన్న మాట చట్టంలోనే ఉంది, అడగనివారికి అది వర్తించదు.

ఎన్నికల డ్యూటీ పడితే కంగారు పడవద్దు. నెలలు నిండుతున్న గర్భిణులకూ, ప్రసూతి సెలవులో ఉన్నవారికీ, శ్రమ చేయకూడదని డాక్టరు చెప్పినవారికీ మినహాయింపు ఇవ్వాలని ఎన్నికల సంఘం సూచనలు ఉన్నాయి. ఉత్తర్వు వచ్చిన రోజే ధ్రువపత్రంతో దరఖాస్తు చేస్తే పని జరుగుతుంది, ముందు రోజు పరుగెత్తితే జరిగే పని కూడా ఆందోళనగా మారుతుంది.

ప్రైవేటు బడిలో పనిచేసే చెల్లెళ్ల పరిస్థితి వేరు. గర్భం సంగతి తెలియగానే "వచ్చే ఏడాది చూద్దాం, ఇప్పటికి రాజీనామా ఇచ్చి వెళ్లమ్మా" అనడం ఎన్నోచోట్ల విన్నాను. ఆ మాట విన్న రోజు దేని మీదా సంతకం పెట్టకండి, ఇంటికి వెళ్లి రెండు రోజులు ఆగండి. ప్రసూతి సెలవులో ఉన్న కారణంగా ఉద్యోగం నుంచి తీసేయడం చట్టవిరుద్ధం. పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థల్లో, ప్రసవ తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసిన మహిళకు మొదటి ఇద్దరు పిల్లల కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. పాత ప్రసూతి చట్టానికి 2017లో చేసిన సవరణతో 12 వారాల నుంచి ఇంత పెరిగింది. మీ జీతం నెలకు 21,000 రూపాయల లోపు ఉండి అందులో ఉద్యోగుల రాష్ట్ర బీమా (ఈఎస్‌ఐ) కోత పడుతుంటే, చందా కట్టవలసినన్ని రోజులు కట్టి ఉన్నప్పుడు ఆ డబ్బు ఈఎస్‌ఐ నుంచే వస్తుంది. నియామక పత్రం, జీతం పడిన బ్యాంకు పాస్‌బుక్కు, హాజరు ఫొటోలు ఒకచోట భద్రపరచండి. మాట వినకపోతే కార్మిక శాఖ అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఎన్ని యోగాసనాలు వేసినా పోదు, హక్కు తెలిసి కాగితాలు చేతిలో ఉంటే కొంతైనా తగ్గుతుంది.

అయిదో పని: తరగతి గదిని మీ ఒంటికి తగ్గట్టు మార్చుకోవడం

టీచరు కూర్చుని పాఠం చెబితే సోమరితనం అన్న అభిప్రాయం మన బడుల్లో పాతుకుపోయింది. వీపు ఆనించుకునే కుర్చీ ఒకటి, కాళ్లు పెట్టుకోవడానికి చిన్న పీట ఒకటి తెప్పించుకుని కూర్చునే చెప్పండి. బోర్డు మీద రాసే పని రోజుకొక విద్యార్థికి అప్పగించండి, పిల్లలు పోటీ పడతారు. వేవిళ్లు తీవ్రంగా ఉన్న మొదటి మూడు నెలల్లో మొదటి పీరియడ్ ఖాళీగా ఉండేలా మార్పించుకుంటే ప్రార్థన తర్వాత పావుగంట కుదురుకోవచ్చు. గొంతు పెంచవలసిన అవసరం తగ్గేలా, చప్పట్ల సంకేతం ఒకటి పిల్లలకు ముందే నేర్పండి.

తరగతిలోకి అడుగుపెట్టే ముందు గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగి, నాలుగు లెక్కపెట్టేంతసేపు శ్వాస పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలండి. అయిదారుసార్లు చాలు. దిగులు దీనితో పోదు గాని, దడ తగ్గి మాట తడబడకుండా ఉంటుంది.

పిల్లల నుంచి జబ్బులు అంటుకుంటాయన్న భయం గర్భిణి టీచర్లను బాగా వేధిస్తుంది. ఈ భయానికి ఆధారం లేకపోలేదు. ఆటలమ్మ పోసిన పిల్లవాడు తరగతిలో ఉన్నాడని తెలిస్తే, మీకు చిన్నప్పుడు అది వచ్చిందో లేదో మీ అమ్మను అడగండి. రాలేదనో, తెలియదనో అంటే ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. ఒళ్లంతా దద్దుర్లతో జ్వరం ఉన్న పిల్లలు వచ్చినా అంతే. రోజంతా భయపడటం కంటే ఆ ఒక్క ఫోను మనసుకు ఎంతో మేలు చేస్తుంది.

ఆరో పని: ఇంట్లో పని పంచడం, మాటలకు హద్దు పెట్టడం

ఉదయం అయిదింటికి లేచి రెండు పొయ్యిల మీద వంట చేసి, బస్సు పట్టుకుని, సాయంత్రం తిరిగొచ్చి మళ్లీ పొయ్యి దగ్గర నిలబడే గర్భిణికి బడి ఒత్తిడి తగ్గించినంత మాత్రాన సరిపోదు. "నాకు కొంచెం సాయం చేయండి" అని భర్తతో అంటే ఎప్పుడు ఏం చేయాలో ఆయనకూ తెలియదు. పొద్దున టిఫిన్, నీళ్లు పట్టడం, పెద్దపిల్లను తయారు చేయడం వంటి మూడు పనులను పేరుపెట్టి ఆయనకు పూర్తిగా అప్పగించండి. ఒక్క చెకప్‌కైనా ఆయన్ను వెంట తీసుకెళ్లి, మీ ఆదివారం నోటుపుస్తకం డాక్టరు ముందు ఆయన వింటుండగా చదవండి. ఇంట్లో పదిసార్లు చెప్పినా ఎక్కని మాట అక్కడ ఒక్కసారికే ఎక్కుతుంది.

"కడుపుతో ఉన్నదానివి, ఏడవకూడదు, బిడ్డకు మంచిది కాదు" అని పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు. ఆ మాట విన్న గర్భిణి ఏడుపును దాచుకుంటుంది, పైగా బిడ్డకు కీడు చేశానన్న భయం తోడవుతుంది. "అత్తయ్యా, ఏడుపు దాచుకుంటే తగ్గదట, డాక్టరు గారే చెప్పారు" అని మెల్లగా అనండి. మొదట ఆడపిల్ల ఉండి రెండోసారి గర్భమైతే, ఈసారైనా మగపిల్లాడే పుట్టాలన్న మాటలు శ్రీమంతం పేరంటంలో కూడా ఆగవు. గోవాలోని తల్లులపై 2002లో ప్రచురితమైన అధ్యయనం ఆడపిల్ల పుట్టడానికీ తల్లి డిప్రెషన్‌కూ సంబంధం ఉందని, భర్త హింస కూడా దానికి ఒక కారణమని చూపించింది. తప్పు బిడ్డది కాదు, తల్లిదీ కాదు, చుట్టూ ఉన్న మాటలది. ఆ మాటలు మానమని చెప్పవలసిన మనిషి మీ భర్తే, ఆ బాధ్యత ఆయనకు స్పష్టంగా అప్పగించండి. మాటలు దాటి చేయి చేసుకోవడం దాకా వస్తే 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది.

గతంలో గర్భం పోయినవారికి ఈ నెలలన్నీ రెండింతలు బరువుగా ఉంటాయి. క్రితంసారి ఏ నెలలో పోయిందో ఆ నెల దాటేదాకా ఊపిరి ఆడదు. ఆ తేదీ మీ డాక్టరుకు ముందే చెప్పి, ఆ వారంలో ఒక చెకప్ పెట్టించుకోండి. ఇప్పుడు దురదృష్టవశాత్తు గర్భం పోతే మూడో రోజే బడికి వెళ్లి పాఠం చెప్పవలసిన పని లేదు. గర్భస్రావానికి ఆరు వారాల సెలవు చట్టంలోనే ఉంది. స్టాఫ్ రూములో ఎవరైనా "మళ్లీ వస్తుందిలే" అంటే, జవాబు చెప్పవలసిన బాధ్యత మీకు లేదు.

ఏడో పని: సెలవుకు ముందు అప్పగింతలు, తర్వాత గమనింపు

"పదో తరగతి పిల్లలు ఏమైపోతారో" అన్న అపరాధభావం సెలవు దగ్గరపడే కొద్దీ పెరుగుతుంది. దానికి మందు మంచి అప్పగింతల పుస్తకం. సిలబస్ ఎక్కడిదాకా అయింది, వెనకబడిన పిల్లలు ఎవరు, ఏ పిల్లవాడితో ఎలా మాట్లాడితే వింటాడు అన్నవి అందులో రాసి, వచ్చే టీచరుతో ఒక పీరియడ్ కలిసి కూర్చోండి. ఆ రోజు నుంచి బడి వాట్సాప్ గ్రూపును మ్యూట్‌లో పెట్టండి. ప్రభుత్వ టీచర్లకు రెండు రాష్ట్రాల్లోనూ 180 రోజుల ప్రసూతి సెలవు ఉంది, ఆ తర్వాత శిశు సంరక్షణ సెలవు కూడా ఉంది. వేసవి సెలవుల్లో ప్రసవమయ్యే అవకాశం ఉంటే రోజులు ఎలా లెక్కిస్తారో ముందే మండల విద్యాధికారి (ఎంఈవో) కార్యాలయంలో అడిగి రాసుకోండి, పచ్చి బాలింతగా ఉండి ఆ లెక్కల కోసం ఫోన్లు చేయడం ఎంత నరకమో పడినవాళ్లకే తెలుసు.

ప్రసవమైన రెండు మూడు రోజులకు ఊరికే కళ్లనీళ్లు రావడం చాలామందిలో సహజం, అది రెండు వారాల్లోపు తగ్గిపోవాలి. తగ్గకపోతే డిప్రెషన్ అని అనుమానించాలి. దాదాపు వెయ్యి మందిలో ఒకరిద్దరికి మొదటి రెండు వారాల్లోనే నిద్ర పూర్తిగా పోయి, లేనివి కనిపించి, వినిపించి, పొంతన లేని మాటలు వస్తాయి. దాన్ని గాలి సోకిందని గుడికి తీసుకెళ్లి కాలం పోగొట్టకూడదు, ఆ రోజే ఆసుపత్రికి చేర్చాలి. ఇంతకుముందు బైపోలార్ జబ్బు (అతి ఉత్సాహం, దిగులు మారిమారి వచ్చే జబ్బు) ఉన్నవారి ఇంట్లో అందరికీ ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి. ఆసుపత్రిలో ఉంచవలసి వచ్చినా మూడేళ్ల లోపు బిడ్డను సాధారణంగా తల్లి నుంచి వేరు చేయకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి ఉంచి చికిత్స చేసే ప్రత్యేక విభాగం 2009 నుంచీ ఉంది.

ఆఖరి పని ఒకటి ఉంది, దాన్ని సెలవు పత్రం ఇచ్చే రోజునే పూర్తి చేయండి. స్టాఫ్ రూములో మీరు మనసు విప్పి మాట్లాడగల మనిషిని ఒకరిని ఎంచుకుని, ప్రసవమైన తర్వాత 14వ రోజున ఒకసారి, 42వ రోజున ఒకసారి ఫోన్ చేసి, బిడ్డ గురించి కాకుండా మీ గురించి అడగమని చెప్పండి. ల్యాబులో కూర్చుండిపోయిన ఆ గణితం టీచరు ఈ పని నాకు అప్పగించింది. 14వ రోజు ఫోన్ చేసి "అమ్మా, నీకెలా ఉంది?" అన్నాను. చాలాసేపు ఏడ్చింది. బిడ్డ బాగున్నాడని, పాలు తాగుతున్నాడని, తనకు మాత్రం వాడిని ఎత్తుకోవాలని అనిపించడం లేదని చెప్పింది. ఫోను వాళ్లమ్మ చేతికి ఇవ్వమన్నాను. మర్నాడు పొద్దున తల్లీ కూతురూ బిడ్డను ఒడిలో పెట్టుకుని మొదటి బస్సుకే జిల్లా ఆసుపత్రికి వెళ్లారు.